వరుసలో వేగము, మొగములో నిదానము

ఖమ్మమునుండి సూర్యాపేటకు పోవు రహదారిమీద, పాలేరు జలాశయమునకు చేరువలో, మా కుసుమంచి గ్రామమున్నది. కాకతీయుల నాటి గణపేశ్వరాలయమువలన ఈ యూరి పేరు దూరప్రాంతములవారికిని తెలియును. ఆ గుడిని చూడవచ్చినవారు సాధారణముగా గర్భాలయములోని మహాలింగపు పరిమాణమునకు ఆశ్చర్యపడి, నమస్కరించి, మరలిపోవుదురు. నేను మాత్రము శ్రోతల దృష్టిని మరియొక సంగతివైపునకు త్రిప్పదలచితిని. 1213వ సంవత్సరమున రేచర్ల రుద్రుడు పాలంపేటలో ప్రతిష్ఠించిన రామప్ప గుడి మొదలుకొని చిన్న చిన్న పల్లెలలోని శివాలయములవరకు, కాకతీయ శిల్పుల పనిని ఓపికతో పరిశీలించినవారికి ఒక్క విశేషము స్పష్టపడును: గర్భాలయపు వెలుపలి గోడలలో అధికభాగమును వారు చదునైన రాళ్లతో నిరాడంబరముగానే ముగించిరి, ద్వారబంధముల యొద్దకును, రంగమంటపపు స్తంభముల యొద్దకును వచ్చునప్పటికి మాత్రము వారి ఉలి నిదానించినది, రాతిలో లత యల్లుకొన్నది, నర్తకి కాలి యందె కూడ కంటికి కనబడునంత సూక్ష్మముగా తీరినది. ప్రదక్షిణము చేయు భక్తుడు గోడప్రక్కగా నడచిపోవును. గడపయొద్ద నిలిచి తల వంచును. కన్ను ఎచ్చట నిలుచునో అచ్చట ఆ శిల్పులు కాలమును ధారాళముగా వ్యయపరచిరి. కన్ను ఎచ్చట నిలువదో అచ్చట దానిని మిగుల్చుకొనిరి. ఈ వివేకమే లేకున్నచో ఒక్క తరములో అన్ని గుళ్లు లేచియుండెడివి కావు.

నేడు నేను ప్రసంగింప బూనినది ఆ శిల్పుల పనితో పోల్చినచో మిక్కిలి అల్పమైన పనిని గూర్చి: బల్లమీద పరచి ఆడుకొను యుద్ధక్రీడలలో పావులుగా నిలుచు, అంగుళముకంటె కొంచెము మాత్రమే ఎత్తుగల సైనికుల బొమ్మలకు రంగులు వేయుటను గూర్చి. పని అల్పమైనను అందులోని చిక్కు అల్పమైనది కాదు. త్వరగా ముగింపవలెనన్న కోరిక ఒకప్రక్కను, చక్కగా ముగింపవలెనన్న కోరిక మరియొకప్రక్కను చేతిని పట్టి లాగుచుండగా, కుంచె పట్టినవాడు దేనిని విడిచి దేనిని పట్టవలెను?

ఈ క్రీడ పుట్టుపూర్వోత్తరములను సంగ్రహముగా చెప్పి విడిచెదను. ప్రష్యా దేశపు సైనికాధికారి రైస్‌విట్జ్ 1824లో తన సేనకు నేర్పిన యుద్ధక్రీడలో సైన్యములకు బదులుగా రంగుదిమ్మలు మాత్రమే యుండెను. లండన్‌లో విలియం బ్రిటన్ సంస్థవారు 1893లో సీసమును లోపల బోలుగా పోతపోయు పద్ధతిని కనిపెట్టి, బొమ్మసిపాయిలను చవుకగా వేలకొలది చేసిరి. ఆ సిపాయిలతోనే హెచ్.జి. వెల్స్ అను ప్రసిద్ధ నవలాకారుడు ఇంటి నేలమీదను, తోటలోను యుద్ధములు ఆడి, ఆ యాట నియమములను 1913లో ఒక చిన్న పుస్తకముగా వెలువరించెను. పిమ్మట 1975లో లండన్‌లో స్థాపితమైన గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1983లో వార్‌హామర్ అను క్రీడను, 1987లో దాని భవిష్యత్కాల రూపమును ప్రకటించినది మొదలు, ఈ వినోదము దేశదేశములకు వ్యాపించినది. ఈనాడు హైదరాబాదులోను, బెంగుళూరులోను, అమెరికా నగరములలోను ఉద్యోగములు చేయు మన తెలుగు యువకులలోను దీని రుచి మరిగినవారు కలరు.

ఈ బొమ్మలు బూడిదరంగు ప్లాస్టిక్కు ముక్కలుగా పెట్టెలో వచ్చును. వానిని త్రుంచి, అతికి, రంగులు వేసికొనవలసినవాడు కొన్నవాడే. ఇచ్చటనే ఇరువురు మనుష్యులు మనకు కనబడుదురు. మొదటివాడు ఒక్క సిపాయి యొక్క ఒక్క కవచపు అంచును మెరుగుపెట్టుటలో ఎన్నో రాత్రులు గడపును. ఆ బొమ్మ అద్భుతముగానే యుండును. కాని దాని వెనుక తక్కిన సైన్యమంతయు ఏండ్లతరబడి బూడిదరంగుననే నిలిచిపోవును, ఆట మాత్రము ఆరంభము కాదు. రెండవవాడు ఒక్క రాత్రిలో సైన్యమునంతయు ముగించి, తెల్లవారి వెలుతురులో చూచుకొని, ఆ బొమ్మలను ఎవరికిని చూపలేక పెట్టెలో మూసిపెట్టును. మొదటివానికి వేగము లేదనియు, రెండవవానికి నాణ్యము లేదనియు లోకము తీర్పు చెప్పును. నా యభిప్రాయమున ఇరువురికిని కొరవడినది ఒక్కటే: పనిలో క్రమము. ఎచ్చట త్వరపడవచ్చునో, ఎచ్చట త్వరపడరాదో ముందుగా నిర్ణయించుకొనని చేయి, నెమ్మదిగా కదలినను కాలమును పాడుచేయును, వడిగా కదలినను పనిని పాడుచేయును.

ఈ క్రమమును నేర్చుకొనుటకు మనము లండన్‌వరకు పోనక్కరలేదు. ఖమ్మములో రైలెక్కి మధిర మీదుగా విజయవాడకు పోవువారు, విజయవాడ ఇంక కొద్ది దూరమున నున్నదనగా కొండపల్లి స్టేషనును దాటుదురు. ఆ యూరి బొమ్మలు ఎరుగని తెలుగు ఇల్లు లేదు. దశావతారములు, అంబారీ ఏనుగు, తాడిచెట్టు ఎక్కుచున్న గీతకాడు, ఎడ్లబండి, పెండ్లిపల్లకి, ఇవన్నియు సంక్రాంతి కొలువులలో మెట్లమీద నిలిచి మన బాల్యమును వెలిగించినవే. ఆ పని చేయు కుటుంబములవారిని ఆర్యక్షత్రియులందురు. తమ పూర్వులు రాజస్థానమునుండి వచ్చిరని వారిలో వంశకథ కలదు.

వారు వాడునది తెల్లపొణికి కర్ర. అది మెత్తనిది, తేలికైనది, ఉలికి వెన్నవలె లొంగునది. కాని పచ్చిగా నుండగా చెక్కినచో, తేమ పోవుకొలది ముడుచుకొని పగులును. కనుక దానిని ఎండబెట్టి, సన్నని సెగ చూపి, లోపలి తేమను బొత్తిగా పోగొట్టినగాని పనికి తీసికొనరు. ఇచ్చట తొందర యేమాత్రము చెల్లదు. ఎండిన పిదప మొండెము, తల, చేతులు వేర్వేరుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపి చేసిన మక్కుతో అతికి, ఆ మక్కుతోనే కొన్ని అవయవములకు నిండుదనము కల్పించి, ఆకురాతితో నునుపు చేసి, పైన సున్నపు పూత పూయుదురు. ఆ తెల్లని పూత ఆరిన పిమ్మట మేకవెంట్రుకల కుంచెలు రంగులలో మునుగును. చెక్కుట పురుషులదియు, రంగులు వేయుట చాలవరకు ఇంటి స్త్రీలదియునై, పని యింటిలోనే దశలుగా విడివడి సాగును.

ఇందలి సొగసును గమనింపుడు. ఏనుగు చెవి వేరుగా చెక్కబడును, ఏనుగు మొండెము వేరుగా చెక్కబడును. చెవులన్నియు ఒక్క కూర్పున, మొండెములన్నియు ఒక్క కూర్పున సాగుటచేత చేతికి ఆ యొక్క వంపే అలవడి, పదియవ చెవి మొదటి చెవికంటె త్వరగాను, దానికంటె మేలుగాను వచ్చును. వేగము, నాణ్యము ఒకదానికొకటి శత్రువులని తలచువారికి ఈ పదియవ చెవిని చూపవలెను. అభ్యాసముచేత వచ్చిన వేగము నాణ్యమును మ్రింగదు, దానిని తనతోడనే తెచ్చును. మ్రింగునది ఆత్రమువలన పుట్టిన వేగము.

తెలుగువారికి మరియొక మహోదాహరణము సిద్ధముగా నున్నది. మన అవధానవిద్యకు సాటియైనది ఇతర భాషలలో అరుదు. పందొమ్మిదవ శతాబ్ది చివరను, ఇరువదవ శతాబ్ది ఆరంభమునను దివాకర్ల తిరుపతిశాస్త్రియు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రియు జంటగా సభలనేలిన ఆ విద్యయొక్క రహస్యము ఆశుధారలో మాత్రమే లేదు, ఆవృత్తిక్రమములో నున్నది. అవధాని మొదటి పృచ్ఛకునికి పద్యమునంతయు చెప్పివేసి రెండవవాని యొద్దకు పోడు. సమస్య యిచ్చినవానికి ఒక్క పాదము, దత్తపది యిచ్చినవానికి ఒక్క పాదము, వర్ణన కోరినవానికి ఒక్క పాదము, ఇట్లు చుట్టు తిరిగి మరల మొదటివాని యొద్దకు వచ్చి రెండవ పాదము చెప్పును. ఒకనికి చెప్పుచుండగా తక్కినవారి పద్యములు ఆయన మనస్సులో పరిపక్వమగుచుండును. నాలుగావృత్తులు ముగియునప్పటికి పద్యములన్నియు దాదాపు ఒక్కమారుగా పూర్తియగును. అయినను ఏ పద్యపు ఛందస్సు దానిదే, ఏ పద్యపు భావము దానిదే.

బొమ్మల వరుసకు రంగులు వేయువాడును ఇట్లే చేయవలెను. ఐదో, ఎనిమిదో, పదియో బొమ్మలను వరుసగా నిలిపి, మొదటి యావృత్తిలో అన్నింటికి చర్మపు రంగును, రెండవదానిలో అన్నింటికి అంగీ రంగును, మూడవదానిలో తోలుపట్టీల రంగును వేయుచు పోయినచో, రంగు కలుపుట ఒక్కమారే, కుంచె కడుగుట ఒక్కమారే యగును. వరుసలో ఎన్ని యుండవలెనని కొందరడుగుదురు. దీనికి ఉత్తరము రంగే చెప్పును: చివరి బొమ్మకు పూత ముగించి తల యెత్తునప్పటికి మొదటి బొమ్మ ఆరియున్నచో ఆ వరుస సరియైన వరుస. ఇంకను తడిగా నున్నచో వరుస చిన్నది, చేయి ఊరక వేచియుండవలసివచ్చును. ఎప్పుడో ఆరిపోయి చాలసేపైనచో వరుస పెద్దది. అట్టి పెద్ద వరుసలో, ముప్పదియవ బొమ్మ నడుముపట్టీకి వచ్చునప్పటికి మనస్సు ఎచ్చటికో పోయి, చేయి మాత్రము కదలుచుండును. సంతోషము లేని చేయి చేసిన పని బొమ్మమీద దాగదు. నీటితో కలియు ఆక్రిలిక్ రంగులు నిమిషములలో ఆరును గనుక చిన్న వరుస చాలును. ఎనామెల్ రంగులు గంటలు పట్టును గనుక ఆ రంగులు వాడువారు పెద్ద వరుసను పరచుకొని, ఒక పూతకు ఒక పూటను విడిచిపెట్టవలసియుండును.

వరుసకు పూర్వము చేయవలసినది మచ్చుబొమ్మ. సైన్యములో ఒక్క సిపాయిని తీసి, మొదటినుండి తుదివరకు రంగులన్నియు వేసి, ఏ రంగు తరువాత ఏ రంగు, ఎంత నీరు, ఏ కుంచె, అన్నది ఒక నోటుపుస్తకములో వ్రాసికొనవలెను. ఎరుపు అంగీ ప్రక్కను పసుపు తోలు బాగుండునా లేదా యన్న సందేహము ఒక్క బొమ్మమీద తీర్చుకొన్నచో కొద్ది సమయము పోవును. వరుస నడిమిని ఆ సందేహము పుట్టెనా, వరుసంతయు ఆగును. నెలల తరబడి పని మానివేసి మరల కూర్చున్నవానికి ఆ నోటుపుస్తకమే గురువు. అది లేనిచో క్రొత్త సిపాయి అంగీ పాత సిపాయి అంగీతో కలియక, ఒక్క సైన్యము రెండు సైన్యములుగా కనబడును.

ఇంక పూత సంగతి. దట్టమైన రంగును ఒక్కమారు పూయుట త్వరితమైన మార్గమని చాలమంది భ్రమపడుదురు. అంగుళమంత బొమ్మమీద శిల్పి చెక్కిన కనురెప్ప, అంగీమడత, వ్రేలిసందు, ఇవన్నియు వెంట్రుకవాసి లోతుగలవి. దట్టపు రంగు ఒక్క పూతతో వీనిని పూడ్చివేయును, పూడినదానిని మరల త్రవ్వుట ఎవరి తరమును కాదు. రంగును నీటితో పాలంత పలుచన చేసి రెండు పూతలు పూసినచో లోతు లోతుగానే యుండును. రెండు పలుచని పూతలకు పట్టు కాలము, ఒక్క దట్టపు పూతను దిద్దుకొనుటకు పట్టు కాలముకంటె ఎప్పుడును తక్కువే.

మన ప్రాంతమువారికి ఇందులో ప్రత్యేకమైన కష్టము కలదు. కొత్తగూడెము, భద్రాచలము వైపున మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటిన దినములను మనమెరుగుదుము. అట్టి యెండలో పలుచని రంగు పళ్లెములోనే గట్టిపడి, కుంచె మొనను పొలుసులు కట్టించును. ఒక వెడల్పు మూతలో తడిగుడ్డను పరచి, దానిమీద నూనె పీల్చని వంటకాగితమును వేసి, ఆ కాగితముమీద రంగును ఉంచినచో, క్రిందినుండి తేమ ఎక్కుచు రంగు చాలసేపు మెత్తగా నుండును. డబ్బాతో చిమ్మెడు ప్రైమరును, అనగా తొలిపూత రంగును, మిట్టమధ్యాహ్నమున వాడినచో తుంపరలు దారిలోనే ఆరి, బొమ్మమీద ఇసుక చల్లినట్లు గరుకుగా పడును. శ్రావణమాసపు ముసురులో వాడినచో తేమవలన పూతమీద తెల్లని పొగమంచు పట్టును. కనుక ఎండకాలమున తెల్లవారుజామునను, వానకాలమున పొడి తేలిన దినమునను మాత్రమే ఆ పని పెట్టుకొనవలెను. అది కుదరనప్పుడు కుంచెతోనే తొలిపూత పూయుట ఉత్తమము. ఇట్టి విషయములు చలిదేశములవారు వ్రాసిన పుస్తకములలో కనబడవు; ఎవరి యెండను వారే ఎరుగవలెను.

తొలిపూత, అడుగురంగు ముగిసిన పిదప రెండు ఉపాయములు కలవు. ఈ రెండింటిలోను శ్రమ మనది కాదు, బొమ్మది. శిల్పి చెక్కిన ఎత్తుపల్లములే పని చేసిపెట్టును. మొదటిది, మిక్కిలి పలుచని ముదురు గోధుమరంగును బొమ్మంతటను పారించుట: ఆ రంగు మిట్టలమీద నిలువక జారి, మడతలలోనికి, సందులలోనికి చేరి నిలుచును, ఆరినపిమ్మట అంగీమడతలలో నీడ దానంతట అదే యేర్పడును. రెండవది, లేతరంగులో ముంచిన కుంచెను గుడ్డకు తుడిచి, తడి దాదాపు పోయినంతవరకు ఆర్చి, బొమ్మమీద తేలికగా ఈడ్చుట: పల్లములు దానికి అందవు, మిట్టల అంచులకు మాత్రమే రంగు అంటి వెలుతురు పడినట్లు మెరయును. నీడను నీరు వేసినది, వెలుతురును పొడికుంచె వేసినది. మనిషి వేయవలసినది నడిమి రంగు మాత్రమే. గేమ్స్ వర్క్‌షాప్‌వారు 2019లో కాంట్రాస్ట్ అను పేర వెలువరించిన రంగులు, లేత తొలిపూతమీద ఒక్కమారు వేసినంతనే అడుగురంగును, నీడను ఒక్కటిగా ఏర్పరచుటకు ఉద్దేశింపబడినవి. బొచ్చు, వస్త్రము, తోలు మొదలగు మడతలుగల చోట్ల అవి చక్కగానే పని చేయును. విశాలమైన నున్నని కవచముమీద మాత్రము చారలు కట్టి, మరకలుగా నిలుచును. క్రొత్త రంగు నిందింపదగినది కాదు. దాని చోటు ఎరిగి వాడవలెనని మాత్రమే నా మనవి.

ఈ సందర్భమున లక్కబొమ్మల ఊరైన ఏటికొప్పాకను తలపక తప్పదు. వరాహనది యొడ్డున, అంకుడు కర్రను తరిణెమీద త్రిప్పుచు, రంగు కలిపిన లక్కకడ్డీని తిరుగుచున్న బొమ్మకు ఆనించినంతనే, రాపిడి వేడికి లక్క కరగి బొమ్మకు అంటుకొనును. ఆరుటయన్న ప్రశ్నయే లేదు. నిమిషములలో నిగనిగలాడు బొమ్మ సిద్ధమగును. వేగము, నాణ్యము ఒక్క క్షణములో ఒక్క చోట కలియుట చూడగోరువారు అచ్చటికి పోవలెను. కాని తరిణె గుండ్రని రూపములను మాత్రమే ఈయగలదు. వంకర ముక్కు, వాలుచూపు, ఎత్తిన కనుబొమ, ఇవి తరిణెకు అందవు. మొగము కావలసివచ్చునప్పటికి మరల మనిషి చేతికే, కుంచె మొనకే తిరిగి రావలెను.

మొగము! ఇంతసేపు మిగిల్చిన కాలమంతయు ఇచ్చట వ్యయపరచుటకే. ఆగమశాస్త్రములలో దేవతావిగ్రహమునకు నేత్రోన్మీలనము ప్రత్యేకమైన సంస్కారముగా విధింపబడినది. కన్ను తెరచువరకు అది రాయి. చేర్యాల నకాశీ చిత్రకారులు పొడవైన పటములమీద కులపురాణములు చిత్రించునప్పుడును, మందహెచ్చులవారు గొల్లవారికి కాటమరాజు కథ చెప్పుటకు వాడు కర్రబొమ్మలకు రంగులు తీర్చునప్పుడును, వారు దిద్దు విశాలనేత్రములే ప్రేక్షకుని మొదట పట్టుకొనును. రాత్రి దీపపు వెలుతురున, దూరమున కూర్చున్న గొల్లవారికి కూడ కథానాయకుని చూపు అందవలెను గనుక, ఆ కన్నులు అంత పెద్దవిగా తీరినవని నాకు తోచును. చూచువాడు ఎంత దూరమున నుండునో ఎరిగి దిద్దిన కన్నులవి.

ఆటబొమ్మకును ఇదే న్యాయము. బల్లయొద్ద నిలిచినవాని కంటికిని బొమ్మకును నడుమ సుమారు మూడడుగుల దూరముండును. ఆ దూరమునుండి సామాన్య సిపాయి కన్ను ఒక నీడమాత్రముగా కనబడును. కనుక ఆ నీడను చక్కగా నిలిపి, బుగ్గయెముకమీదను, ముక్కుమీదను ఒక లేతగీత తీసినచో చాలును. ఆవగింజలో సగమైన లేని కంటిలో తెలుపును, నలుపును బలవంతముగా పెట్టబోయి మెల్లకన్ను చేయుటకంటె, కన్నును నీడగా విడుచుటయే మేలని నా దృఢాభిప్రాయము. సేనాపతి బొమ్మ, పతాకధారి బొమ్మ, వీరుని బొమ్మ, ఇవి వరుసలో చేరరానివి. ఆటగాడు మాటిమాటికి చేతిలోనికి తీసికొని చూచు బొమ్మలివి. ఎదుటివాడు వంగి చూచునది వీనినే. వీనికి వేరొక పూట, వేరొక మనస్సు కేటాయింపవలెను. మొదట కంటిగూటిలో ముదురు గోధుమరంగు, దానిమీద కొంచెము మాసిన తెలుపు, నడుమ పైరెప్పనుండి క్రిందికి ఒక సన్నని నల్లగీత, చివరకు నాలుగువైపులనుండి చర్మపు రంగుతో ఆ కంటిని చుట్టి దిద్దుట: ఈ క్రమములో పోయినవానికి తప్పు దిద్దుకొనుటకు ఎప్పుడును చోటుండును. మణికట్లు రెండింటిని ఒకదానికొకటి ఆనించి, మోచేతులను బల్లమీద మోపి, ఊపిరి విడిచిన క్షణమున గీత తీసినచో చేయి వణకదు. కుంచె మరీ సన్ననిదై యుండనక్కరలేదు. సన్నకుంచెలో రంగు కంటిని చేరకమునుపే ఆరిపోవును. కడుపులో రంగు నిలుపుకొని, మొన సూదివలె తేలు కుంచె కావలెను.

బొమ్మ నిలుచు పీఠమును చాలమంది ఉపేక్షింతురు. పది బొమ్మలకు పీఠములు తీర్చుట ఒక సాయంకాలపు పని. దానివలన కలుగు శోభ మాత్రము సైన్యమంతటికిని కలుగును. మా కుసుమంచి చుట్టుపట్ల ఎర్రనేలనుండి తెచ్చిన ఇసుకను జల్లించి, తెల్లజిగురు పూసిన పీఠముమీద చల్లి, ఆరిన పిదప గోధుమరంగు పారించి, అంచులను పొడికుంచెతో తాకినచో, దూరదేశపు సిపాయి మన నేలమీద కాళ్లు మోపినవాడగును. వంకరగా పడిన కొన్ని గీతలను కూడ చక్కని పీఠము మరపించును. రంగుల సామ్యముకంటె నేల సామ్యమే పలువురను ఒక్క సైన్యముగా కూర్చును. చివరగా, మెరుపులేని వార్నిషు. ఆటబొమ్మ అలమారలో దాగునది కాదు, పది చేతులు పట్టునది, చెమట తగులునది, బల్లనుండి క్రిందపడునది. ఎంత చక్కగా వేసిన రంగైనను రెండాటలలో ఊడిపోయినచో దానిని నాణ్యమని పిలువరాదు.

ఇంతవరకు వినోదముకొరకు కుంచె పట్టువానిని గూర్చి చెప్పితిని. అతనికి ఆలస్యమువలన పోవునది ఒక ఆట. కొండపల్లిలో కుంచె పట్టు ఇల్లాలికి ఆలస్యమువలన పోవునది ఆనాటి కూలి. బొమ్మకింతయని వెలకట్టు పనిలో, బేరము దిగినకొలది పని వడి పెరుగును. తెల్లపొణికి చెట్లు కొండలలో అరుదగుచుండగా కర్ర వెల పెరుగును. ఈ రెండింటి నడుమ నలుగునది రంగుపని. నష్టము మొట్టమొదట కనబడునది మొగమునందే. మడతలు, కిరీటములు, ఆయుధములు పూర్వమువలెనే యుండును. కన్నులు మాత్రము నల్లచుక్కలుగా, కనుబొమలు ఒక్క ఈడ్పుగా మారును. చేతికి తెలియక కాదు. అచ్చట నిలుచుటకు కావలసిన కొద్ది నిమిషముల వెలను కొనువాడు ఈయడు గనుక. పనితనము తగ్గినదని వాపోవు మనము, వెల చెప్పినంతనే సగమునకు అడుగుట మానలేదు. ఈ మాట నేను నొచ్చుకొనియే చెప్పుచున్నాను.

కనుక దశావతారముల పెట్టె కొనబోవు శ్రోతలకు నా విన్నపము: పది బొమ్మలను ప్రక్కప్రక్కన నిలిపి మొగములను మాత్రమే చూడుడు. నరసింహుని కోపము, రాముని ప్రసన్నత, బుద్ధుని శాంతి వేర్వేరుగా కనబడుచున్నవా, లేక ఒక్క మొగమే పదిమార్లు వచ్చినదా యని పరికింపుడు. అంగీ అంచున రంగు కొంచెము దాటినను తప్పుపట్టకుడు. అది వడి సాగదగిన చోటు. మొగములు వేర్వేరుగా తీరినవని తోచినచో అడిగిన వెలను బేరములేక ఇండు. దసరాకో, సంక్రాంతికో కావలసినవారు పండుగ నెలలో పోయి తొందరపెట్టక, వేసవిలోనే చెప్పి చేయించుకొన్నచో, కర్ర ఆరుటకును, సున్నము ఆరుటకును, కన్నులు దిద్దుటకును పనివారికి వ్యవధి చిక్కును.